పేజీ చివర ఆగిన వాక్యం

నేను కంప్యూటర్ మనిషిని అయింది ఇరుక్కుపోయిన ఒక కాగితం వల్ల.

మందుల షాపులో బిల్లులు కొట్టడం నా ఉద్యోగం. మా వీధి చివర, లాండ్రీ పైన ఉన్న రెండు గదుల్లో, చూపులేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే సంస్థ ఒకటి ఉంది. నా గొంతు బాగుంటుందని ఎవరో అంటే నమ్మేసి, నేనూ చదువుదామని ఒక సెలవురోజు వెళ్ళాను. వెళ్ళేసరికి ప్రింటర్లో కాగితం ఇరుక్కుని, అందరూ దాని చుట్టూ చేరి దిగాలుగా చూస్తున్నారు. షాపులో రోజూ చేసే పనే కదా అని మూత తీసి, కాగితం లాగి, మూత వేశాను. సంస్థ నడిపే మేడమ్ నా రెండు చేతులూ పట్టుకుని, "ఇన్నాళ్ళూ ఎక్కడున్నావమ్మా తల్లీ!" అన్నారు. ఆ రోజుతో నా గొంతు సంగతి అందరూ మర్చిపోయారు. ఆ గదుల్లో కరెంటుతో నడిచే ప్రతిదానికీ నేనే దిక్కయ్యాను.

"ఇంజనీరుగారూ, నా ఇస్త్రీపెట్టె కూడా కాస్త చూసి పెడతారా?" అని మా ఆయన వేళాకోళం. ఆయన టైలరు. చేతికి కొలత టేపు, నోటికి వెటకారం, ఈ రెండూ లేకుండా ఆయన్ని నేను చూడలేదు.

ఇంట్లో మూడో మనిషి అత్తయ్య. తన పెళ్ళికి ముందునుంచీ ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది. సబ్బు పెట్టెల మీద రాతలనుంచి లావుపాటి పాఠ్యపుస్తకాల దాకా ఆవిడ కన్ను పడకుండా ఏదీ ఆ ప్రెస్సు గడప దాటేది కాదట. ఆ కళ్ళే పోయాయి. ఒక్కసారిగా కాదు, ఎవరో దీపం వత్తి రోజూ కొంచెం కిందికి దించుతున్నట్టు పోయాయి. డాక్టర్లు చేతులెత్తేశాక ఆవిడ కిటికీ పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుంది. రేడియో కట్టేయమంది. సంస్థలో రికార్డింగులు తెచ్చి వినిపిస్తానంటే కస్సుమంది.

"ఇంకొకళ్ళ నోటితో చదివే ఖర్మ నాకొద్దు. నా మానాన నన్ను వదిలెయ్యండి."

అలాగే వదిలేశాం. ఒళ్ళో ఊరికే పడి ఉన్న ఆ చేతుల్ని చూసినప్పుడల్లా ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

సంస్థలో ఒక వింత పద్ధతి ఉండేది, దాని గురించి ఇక్కడే చెప్పాలి. ఒక పుస్తకాన్ని నలుగురైదుగురు పంచుకుని చదువుతారు. పేజీ చివరికి రాగానే ఆపెయ్యాలి. వాక్యం పూర్తయిందా లేదా అన్నది వాళ్ళకి అనవసరం. తర్వాతివాళ్ళు మరుసటి పేజీ మొదటి మాటతో అందుకుంటారు. మొదట్లో ఆ తెగిన వాక్యం నువ్వు చదవాలంటే నువ్వు చదవాలని పాఠకులు పోట్లాడుకుంటే, విసిగిపోయిన మేడమ్ పెట్టిన నియమం అది. పైగా మొదట్లో పేరు చెప్పుకోకూడదు, పుస్తకం పేరూ చెప్పకూడదు. "వినేవాళ్ళకి పుస్తకం కావాలి, మన భజన కాదు," అనేవారు మేడమ్. ఏది ఏ పుస్తకమో కంప్యూటర్లో ఫైలుకి పెట్టే పేరులో ఉంటుంది, అది చాలు.

"మీ దగ్గర హంతకుడు ఒక గొంతులో పారిపోయి ఇంకో గొంతులో దొరుకుతాడండీ," అని నవ్వేది ఆపరేటరమ్మ. పెద్దాసుపత్రిలో టెలిఫోను ఆపరేటరు ఆవిడ. పుట్టుకతోనే చూపు లేదు. ఉద్యోగం చేస్తూనే లా చదువుతోంది. ఎన్నో ఏళ్ళుగా ఎవరెవరి కాల్సో ఎవరెవరికో కలిపి కలిపి విసుగెత్తిందట. "ఒక్కసారైనా కోర్టులో నా మాట నేనే మాట్లాడాలండీ," అనేది. అప్పటికే రెండుసార్లు తప్పింది. వానలు తగ్గాక జరిగే పరీక్షే ఆఖరి అవకాశం. ఈసారి తప్పితే చదువు మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాలి. ఆ ఓపిక తనకిక లేదని ఆవిడే చెప్పింది. ఆవిడ లా పుస్తకాలన్నీ మా కంప్యూటర్లోనే ఉన్నాయి. ఆవిడ పాత ఫోనులో చోటుండదు కాబట్టి, ఒక పాఠం ఎక్కించాలంటే ముందుది తీసేసేవాళ్ళం.

ఆ కంప్యూటరే పోయింది.

వానాకాలం అప్పుడే ముదిరింది. పైకప్పు ఎక్కడో కారి, గోడలోకి దిగి, స్విచ్చుబోర్డు చిటపటలాడింది. నేను వెళ్ళేసరికి కంప్యూటర్ తెర నల్లగా ఉంది. పెట్టెలోంచి మాత్రం టిక్కు టిక్కుమని ఒకటే చప్పుడు. రిపేరు షాపతను వచ్చి చెవి ఆనించి విన్నాడు.

"డిస్కు పోయిందమ్మా. కొత్తది వేయించేసుకోండి."

"అందులో ఉన్నవో?"

"ఉన్నవి ఉన్నట్టే పోయాయి. సర్లెండి, నాలుగైదుసార్లు ఆపి వేసి చూద్దాం. ఓసారి తన్నితే బుద్ధి తెచ్చుకుంటాయి ఇవి."

మేడమ్ మాత్రం స్థిమితంగానే ఉన్నారు. "కాపీ ఉంది కదమ్మా, ప్రతి శనివారం తీస్తున్నాం," అన్నారు. నాకంటే ముందున్న వలంటీరు చేసిన ఏర్పాటు అది. వెతికితే తేలిందేమిటంటే, కాపీ ఉన్న మాట నిజమే. ఇదే కంప్యూటర్లో, ఇదే డిస్కులో, ఇంకో పేరుతో భద్రంగా ఉంది. ఆ మాట చెబితే మేడమ్ కుర్చీలో కూలబడి, పుస్తకాలు చదివే గది వైపు చూస్తూ ఉండిపోయారు. అక్కడ మైకు ముందు ఎవరో మడతపెట్టి వదిలేసిన శాలువా ఉంది.

ఆపరేటరమ్మకి చెప్పాల్సింది నేనే. ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఎప్పటిలాగే, "చెప్పండి," అంది. చెప్పాను. 

"సరేనండి," అంది. తర్వాత, ఎవరికో కాల్ కలిపే గొంతుతో, "ఒక్క నిమిషం లైన్లో ఉండండి," అంది. నేనేమో పిచ్చిదానిలా లైన్లోనే ఉన్నాను. ఆవిడ ముక్కు ఎగబీల్చడం వినపడింది.

షాపులో పని తగ్గినప్పుడల్లా ఫోను పట్టుకుని వెతకడం మొదలుపెట్టాను. సంస్థలకి కంప్యూటర్ సాయం ఎవరు చేస్తారు? పెద్ద కంపెనీకి రాస్తే మెషీను జవాబిచ్చింది. తెలిసినవాళ్ళ తెలిసినవాళ్ళు, "ఛారిటీయా? చూద్దాం," అని మళ్ళీ కనిపిస్తే ఒట్టు. చివరికి ఒక చర్చావేదిక తగిలింది. నాలాంటివాళ్ళంతా అక్కడే ఉన్నారు! వృద్ధాశ్రమంలో టీవీ బాగుచేసే ఆవిడ, రక్తదాతల జాబితా చూసుకునే రిటైర్డు గుమాస్తా, ఒంటిచేత్తో పది కంప్యూటర్లు మోస్తున్న నర్సు. అందరూ నాలాగే, కాగితమో తీగో లాగి ఇరుక్కుపోయినవాళ్ళే. నాకు ఏడుపొచ్చినంత పనైంది. లోకంలో నేనొక్కదాన్నే కాదన్నమాట!

సిగ్గు పక్కనపెట్టి జరిగిందంతా రాశాను. మందులు ప్యాక్ చేసి వచ్చేలోపే జవాబు వచ్చింది. రాసినాయన పేరు లేదు, ఫొటో ఉండాల్సిన చోట గొడుగు బొమ్మ ఉంది.

"ముందు దాన్ని ఆపెయ్యండి. మళ్ళీ ఆన్ చెయ్యకండి. ఎవరు ఎంత నచ్చచెప్పినా సరే. టిక్కుమన్న ప్రతిసారీ లోపల కొంత గీసుకుపోతుంది."

నేను షాపు యజమానికి ఒక్క మాట చెప్పి, గొడుగు కూడా మర్చిపోయి వానలో సంస్థకి పరిగెత్తాను. రిపేరతను మళ్ళీ వచ్చి, అప్పుడే ఇంకోసారి స్విచ్చు వెయ్యబోతున్నాడు. "చెయ్యి తియ్!" అని అరిచాను. అతను అదిరిపడ్డాడు. తర్వాత క్షమాపణ చెప్పుకుని టీ ఇప్పించాననుకోండి.

గొడుగుగారు వీధికుక్కల ఆశ్రమంలో వలంటీరట, బతుకుతెరువుకి లిఫ్టులు బాగుచేస్తాడట. అంతకు మించి ఇప్పటికీ నాకేమీ తెలియదు. పాడైన డిస్కులనుంచి సమాచారం బయటికి తీసే ప్రయోగశాల ఒకటి ఉందనీ, సేవాసంస్థలైతే పైసా తీసుకోకుండా వరసలో పెట్టుకుంటారనీ చెప్పాడు. ఆఫీసులు వదిలేసిన కంప్యూటర్లని శుభ్రం చేసి సంస్థలకి ఇచ్చేవాళ్ళ అడ్రసు ఇచ్చాడు. మేడమ్ సంతకంతో ఏం రాయాలో, డిస్కుని బుడగల కవరులో ఎలా చుట్టాలో, అన్నీ చిన్నపిల్లకి జడ వేసినంత ఓపికగా చెప్పాడు. నేను అడిగిన తెలివితక్కువ ప్రశ్నలు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఒక్కదానికి కూడా విసుక్కోలేదు మహానుభావుడు.

పార్సెలు కట్టింది మా ఆయన. పత్తి, లైనింగు గుడ్డ, పైన ముతక గుడ్డ వేసి, అంచులు కుట్టేశాడు. "కోటు కుట్టించుకుని వెళ్తోంది మీ డిస్కు," అన్నాడు. ఆ రోజు ఆయన వెటకారం నాకు ఎంతో ముద్దొచ్చింది.

రోజూ ఎదురుచూసి ఎదురుచూసి కళ్ళు కాయలు కాశాయి. ఒక మధ్యాహ్నం ప్రయోగశాలనుంచి కబురు వచ్చింది. దాదాపు అన్నీ దక్కాయి. షాపులో అందరిముందూ గట్టిగా కేకేశాను. దగ్గుమందు కోసం వచ్చిన పెద్దాయన తనకేదో అయిందనుకుని హడలిపోయాడు.

మిగతా కబురు చదివాక నీరుకారిపోయాను. ఫైళ్ళ పేర్లుండే భాగం మాత్రం పూర్తిగా పాడైందట. గొంతులు మిగిలాయి, పేర్లు పోయాయి. వచ్చినవన్నీ వట్టి అంకెలే. ఏ ఫైలు ఏ పుస్తకమో, ఏది ముందో ఏది వెనకో తెలిసే దారి లేదు. చదివినవాళ్ళా, పేరు చెప్పుకోరు. పుస్తకాలా, ఎవరెవరి దగ్గరో అడిగి తెచ్చి, చదవగానే తిరిగి ఇచ్చేసినవి. మేడమ్ నియమాలు రెండూ కలిసి మమ్మల్ని నిండా ముంచాయి.

ఆ వారమే వీధిలో మోకాలి లోతు నీళ్ళు నిలిచి మందుల షాపు మూతపడింది. సంస్థకి వచ్చిన పాత కంప్యూటర్ని మా ఆయన భుజాన మోసుకొచ్చి మా భోజనాల బల్ల మీద పెట్టాడు. నేను ఒక్కో ఫైలూ తెరిచి వినడం మొదలుపెట్టాను. కథలు, లెక్కలు, వంటలు, లా, చరిత్ర అన్నీ కలగాపులగం. కాసేపటికి నా బుర్ర వేడెక్కింది. ఏది విన్నానో ఏది వినలేదో కూడా గుర్తులేదు.

"ఆ గోల కాస్త తగ్గించమ్మాయ్," అంది అత్తయ్య పక్క గదిలోంచి.

తగ్గించాను. ఒక మగ గొంతు అద్దె ఇళ్ళ చట్టం చదివి ఆగిపోయింది. ఇంకో ఫైలు తెరిచాను. ఎవరో అమ్మాయి వీలునామా గురించి చదువుతోంది.

"అది కాదు," అంది అత్తయ్య.

"ఏది కాదు అత్తయ్యా?"

"దాని తర్వాతది ఇది కాదు. ఇందాక ఆయన 'అద్దెదారు ఖాళీ చేయుటకు నిరాకరించిన పక్షమున యజమాని' అని ఆపేశాడు. ఈ పిల్ల 'సాక్షుల సంతకము' అంటోంది. మరి యజమాని ఏం చేశాడు? చెప్పకుండా పోతే ఎలా?"

నేను నవ్వాను. "ఏమో అత్తయ్యా, వెతకాలి."

"సరే, కానీ," అంది, తనకేం పట్టనట్టు.

నేను తెరుస్తూ పోయాను. పప్పులు నానబెట్టడం వచ్చింది, ఎవరో రాజు ఓడిపోయాడు, త్రిభుజాలు వచ్చాయి. వంటకి వేళవుతోందని లేవబోతుంటే, ముసలావిడ గొంతు ఒకటి మొదలైంది. "ముందుగా వ్రాతపూర్వకమైన నోటీసు ఇచ్చి తీరవలెను."

పక్క గదిలో కుర్చీ గట్టిగా కిర్రుమంది.

"అదిగో! నోటీసిచ్చాడు! యజమాని నోటీసిచ్చాడమ్మాయ్!"

తలుపు దగ్గర అత్తయ్య నిలబడి ఉంది. గోడ పట్టుకుని తనంతట తనే వచ్చింది. నేను కుర్చీ లాగితే తడుముకుని కూర్చుంది.

"ఆ రెంటినీ పక్కపక్కన పెట్టావా?"

"పెట్టాను అత్తయ్యా."

"ఊఁ. తర్వాతది పెట్టు. వాక్యం తెగిందంటే రెండో ముక్క ఎక్కడో ఒకచోట ఉండే తీరుతుంది, ఎక్కడికి పోతుంది?"

ప్రెస్సులో గాలికి ప్రూఫు కాగితాలు చెదిరిపోతే ఇలాగే వరస కలిపేవాళ్ళట. ఈ కాగితం ఏ మాట దగ్గర ఆగింది, ఏ కాగితం ఏ మాటతో మొదలైంది అని చూసుకుంటూ. మేడమ్ నియమం వల్ల మా ఫైళ్ళు అన్నీ అలాగే తెగి ఉన్నాయి. పేర్లు పోతేనేం, సగం వాక్యాలు ఉన్నాయి కదా! అందరం ఇన్నాళ్ళూ తిట్టుకున్న ఆ తెగిన వాక్యాల్నే పట్టుకుని అత్తయ్య పుస్తకాలు కుట్టడం మొదలుపెట్టింది.

నేను ప్రతి ఫైలూ మొదలు కాస్త, చివర కాస్త వినిపిస్తే చాలు. తోకలన్నీ ఆవిడ బుర్రలో ఉండేవి. వారం కిందట విన్న తోకకి ఇవాళ తల దొరికితే బల్ల మీద చరిచేది. షాపు తెరిచాక నేను పనికి పోతే, మా ఆయన కుట్టుమిషను భోజనాల గదిలోకి జరుపుకుని ఫైళ్ళు తెరిచిపెట్టేవాడు.

"అమ్మా, ఈ జాకెట్టు అర్జెంటే, కాసేపాగు."

"ఏడిశావులే. ఆవిడ జాకెట్టు ఎక్కడికీ పోదు. నాకు వారసుడు దొరకాలి. ఆస్తి గాల్లో ఉంది."

ఆపరేటరమ్మకి తన పుస్తకాలు తెలుసు కాబట్టి, భోజనం విరామంలో ఇంటికి ఫోన్ చేసేది. మొదటిరోజు భయం భయంగా, "అమ్మగారూ, లా పుస్తకాలు ఏమైనా..." అంది.

"ఆఁ, రామ్మా రా. నీ కోసమే చూస్తున్నా. 'జామీనుపై విడుదలైన వ్యక్తి' అని ఒకడు ఆగిపోయాడు. వాడేం చేశాడో నీకు గుర్తుందా?"

"ఉందండీ. 'పరారైన ఎడల' అని మొదలవుతుంది. సన్నగొంతు ఆవిడ చదివింది, మధ్యలో తుమ్ముతుంది కూడా."

"తుమ్మిందా! విన్నాను, విన్నాను. వేరే పుస్తకంలో వేశాం దాన్ని, ఆరోగ్యశాస్త్రం అనుకుని!"

ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు. వంటింట్లో గరిట పట్టుకుని నేను అలాగే నిలబడిపోయాను. మా ఇంట్లో అత్తయ్య నవ్వు విని ఎన్నాళ్ళయిందో! మా ఆయన మిషను ఆపి నావైపు చూశాడు.  నోట్లో వెటకారం లేకుండా ఆయన్ని నేను చూడటం అదే మొదటిసారి.

లా పుస్తకాలు ముందు పూర్తయ్యాయి. పాఠం పాఠం ఆవిడ ఫోనుకి చేరింది. వానలు వెనకబట్టాయి. ఆవిడ పరీక్షలు రాసింది. ఆవిడ చెబుతుంటే పక్కన కూర్చుని రాయడానికి మేడమ్ ఒక మనిషిని చూసిపెట్టారు.

ఫలితాలు వచ్చిన రోజు ఆపరేటరమ్మ మా ఇంటికే వచ్చింది. మెట్ల మీద కర్ర చప్పుడు వినగానే అత్తయ్య లేచి నిలబడింది. ఇన్నాళ్ళూ ఫోనులో మాట్లాడుకున్నవాళ్ళు, అప్పుడే మొదటిసారి కలుసుకోవడం. ఒకరి చెయ్యి ఒకరు గాల్లో వెతుక్కుని పట్టుకున్నారు.

"ప్యాసయ్యానండీ."

"నాకు తెలుసు. మెట్లెక్కే చప్పుడులోనే తెలిసింది."

"అద్దె ఇంటి ప్రశ్న వచ్చిందండీ. జవాబు సగం ఆ మగాయన గొంతులో గుర్తొచ్చింది, 'యజమాని' అని ఆగిపోయింది. నాకు గుండె ఆగినంత పనైంది. అంతలో మీ కేక వినపడింది. నోటీసిచ్చాడు అని. మీరు ఫోనులో చెప్పారు చూడండీ, అచ్చం అలాగే."

అత్తయ్య ఆవిడ చెయ్యి నిమురుతూ ఉండిపోయింది. నేనైతే దాచుకోలేదు, హాయిగా ఏడ్చేశాను.

ఆ రోజే గొడుగుగారికి రాశాను. మీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియడం లేదు, మీరు ఆ ఒక్క మాట చెప్పకపోతే ఇవేవీ లేవు అని. కాపీలు ఇప్పుడు మూడు చోట్ల ఉంటున్నాయని కూడా రాశాను. అత్తయ్య పక్కనే కూర్చుంది.

"ఆయన గొంతు ఎలా ఉంటుందే?"

"ఎప్పుడూ వినలేదు అత్తయ్యా. రాస్తాడు, అంతే."

"గొంతైనా తెలియని మనిషి మనకింత చేశాడా! చల్లగా ఉండాలి నాయన. నేనన్నానని రాయి."

రాశాను. ఆయన జవాబు పొట్టిగా వచ్చింది. "అమ్మగారికి నమస్కారం. ఈసారి వేదికలో ఎవరైనా అడిగితే మీరు చూసుకోండి. నేను లిఫ్టులో ఉన్నాను."

మేడమ్ ఇకనుంచీ వాక్యం చివరే ఆపుదామని అంటే, అత్తయ్య ఒప్పుకోలేదు. పేజీ చివరే ఆపాలంది. మొదట్లో పుస్తకం పేరు చెప్పడానికి మాత్రం ఇద్దరికీ రాజీ కుదిరింది. కొత్త రికార్డింగు ఏదైనా ముందు మా ఇంటికే వస్తుంది. అత్తయ్య విని, తప్పు చదివినచోట ఆపి, మళ్ళీ చదివించమని కబురు పెడుతుంది. పాఠకులు ఆవిడంటే హడలి చస్తున్నారు.

మొన్నొక సాయంత్రం వేదికలో కొత్త మనిషి ఎవరో రాశారు. ఎక్కడో పాత పాటలు, ముసలివాళ్ళ మాటలు రికార్డు చేసి దాచే చిన్న సంస్థట. కంప్యూటర్ టిక్కు టిక్కుమంటోందట, ఏం చెయ్యాలో తోచడం లేదట. చదువుతుంటేనే నా చేతులు కీబోర్డు మీదికి పోయాయి.

"ఏంటమ్మాయ్, టకటకలాడిస్తున్నావ్?" అంది అత్తయ్య చెవిలోంచి ఇయర్‌ఫోను తీసి.

"ఎవరిదో డిస్కు పోయింది అత్తయ్యా. పాపం, కంగారు పడుతున్నారు."

"ముందు దాన్ని ఆపెయ్యమన్నావా?"

"అన్నాను."

"ప్రయోగశాల సంగతి చెప్పావా?"

"చెబుతున్నాను."

ఆవిడ ఇయర్‌ఫోను మళ్ళీ పెట్టుకోబోయి ఆగింది.

"పేర్లు పోయినా బెంగపడొద్దను. ఇక్కడ వినే మనిషి ఉందని రాయి."